అద్దాలవాడి మాట

కంచరపాలెంలో నాది అద్దాల కొట్టు.
సముద్రం కనపడే కిటికీలు ఈ ఊళ్లో
ఎన్నిటికి పుట్టీ పెట్టానో లెక్కలేదు.
అందుకే చెప్తున్నాను:
గాలి లేచిన రోజున
నేను బిగించిన కిటికీ దగ్గర నిలబడకండి.
అమ్ముకునేవాడే వద్దంటున్నాడు, చూసుకోండి మరి.

ఎంవీపీ కాలనీలో సన్యాసమ్మ గారిది
ఐదో అంతస్తు, తూరుపు బాల్కనీ.
మొన్న ఆవిడ అద్దానికి అడ్డంగా నిలువుగా
టేపు అంటిస్తుంటే నవ్వొచ్చింది.
టేపు అద్దాన్ని ఆపదమ్మా,
పగిలే ముక్కల్ని పెద్దవి చేస్తుందంతే.
ఆ డబ్బుతో ప్లైవుడ్డు కొనండి.
మేకులు నావి.

పోర్టులో పెద్ద నంబరు ఎగరేశారంటే
ఇంక బేరాల్లేవు.
పూలకుండీలు లోపలికి. ఖాళీ గ్యాసుబండ లోపలికి.
గాలికి మనా పరాయీ తెలీదు,
మన డిష్ గొడుగునే మన మీదికి విసుర్తుంది.
డ్రమ్ముల నిండా నీళ్లు పట్టండి.
రేషను కార్డు, బీపీ మాత్రలు, అగ్గిపెట్టె
ఒకే కవర్లో. నేనయితే
కడిగి ఆరబెట్టిన పాలకవర్లో పెట్టి రబ్బరు బ్యాండేస్తాను.

ఆ తర్వాత
ఇంట్లో కిటికీ లేని చోటు వెతకండి.
మాకది స్నానాలగది.
హుద్‌హుద్ నాడు నలుగురం
బోర్లించిన బకెట్ల మీద కూచున్నాం.
మేనత్త నీలవేణి తలుపుకి వీపానించి
వేపిన శనగలు పంచింది,
మనిషికి ఇన్నని లెక్కపెట్టి.
బయట రేకులు లేస్తున్న చప్పుడు,
ఎవరివో.

మధ్యలో గాలి ఠక్కున ఆగింది.
ఆకాశం కడిగిన అద్దం.
పైవాటా గురవయ్య మెట్లెక్కుతూ కేకేశాడు:
"అయిపోయిందిరా! టాంకు చూసొస్తాను."
మేనత్త లోపల్నుంచే అంది:
"అవ్వలేదు. అటు తిరిగి వస్తాది. లాగరా ఆణ్ని."
కాలరు పట్టుకుని లాగాను.
ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

కాసేపటికి వచ్చింది,
ఈసారి సముద్రం వైపు నుంచి.
టాంకు మా నెత్తిమీదుగా దాటిపోయి
ఏ సందులో పడిందో ఇప్పటికీ తెలీదు.
గురవయ్య బకెట్ మీద కూచుని
అరచేతులు చూసుకున్నాడు. చాలాసేపు.

మర్నాడు వీధి వీధంతా అద్దం పెంకులు.
చెప్పుల్లేకుండా, తెగిన తీగలు చూసుకోకుండా
అడుగు వెయ్యొద్దని పిల్లల్ని అరుస్తూ తిరిగాను.
ఆర్నెల్లపాటు చేతినిండా పని.

కొలతలు తీసే ముందు
ప్రతి ఇంట్లో ఒకటే అడిగేవాణ్ని:
ఇది పగిలినప్పుడు మీరెక్కడున్నారు?
"లోపలి గదిలో" అన్నవాళ్ల దగ్గర
పుట్టీ డబ్బులు తీసుకోలేదు.