పన్నెండో కన్నం

కనజవాలో వాన లేని రోజు వెతుక్కోవాలి.
సద్దిమూట మరిచినా గొడుగు మరవకు
అంటారక్కడ.

మంగలిషాపు బయట గొడుగుల స్టాండు.
పదకొండు గొడుగులు. పన్నెండో కన్నం ఖాళీ,
దాని కింద ఇంకా ఆరని చిన్న మడుగు.
చిజురు తీసిన ఫొటోలో ఉన్నదంతే.

ఏజెన్సీ గోడకి గుచ్చి
తొమ్మిది రోజులు దానిమీద మాటలు
అతికించాడు, పీకాడు తొకుహెయ్.
బీమా కంపెనీ ప్రకటన మరి!
ఏ మాటా ఆ మడుగులో ఉప్పురాయంతసేపైనా నిలవలేదు.

క్లయింటు వచ్చాడు.
"ఇందులో మా సరుకేదీ?"
ఎవరూ పలకలేదు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.
"అవునూ... పట్టుకెళ్లింది దాని సొంతదారేనా?"

లోగో ఇంకా చిన్నది చెయ్యమన్నాడు, పోతూ.

ఆ సాయంత్రం మెట్లు దిగి
తన గొడుగు తనదేనా అని
పిడి తిప్పి చూసుకున్నాడు తొకుహెయ్.