అంచు

విడుదలకు వారం ముందు ఒక మేడమ్ వచ్చి
తెల్లకాగితాలు పంచింది.
బయటికి పోయినంక ఏం జేస్తరో
మూడు గీతల మీద రాయుండ్రి అన్నది.
నేను చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి
"తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకుంట" అని రాసిన.
ఇది లక్ష్యం కాదు ఓదెలూ, అన్నదామె.
మిగిలిన రెండు గీతలు ఖాళీగనే ఉండిపాయె.

ప్యాసింజర్ల కిటికీ పక్కన కూసున్న.
ఘన్‌పూర్ దాటినంక చెరువులు నిండుగ కనవడ్డయి,
నేను లేనప్పటి వానలు.

పోచమ్మ మైదాన్ అడ్డ మీద నాలుగొద్దులు నిలవడ్డ.
మేస్త్రీలు ముందుగాల చేతులు చూస్తరు.
"ఇన్నేండ్లు ఏడ వోయినవ్?"
"దూరం."
"దుబాయా?"
తల ఊపిన.
ఆ అబద్ధం మీద ఒక పూట సిమెంటు మోసిన.

ఐదో రోజు ఆటో దిగి చూస్తే
నేను ఆరేండ్లున్న జైలు లేదు.
గోడ లేదు, గంట లేదు,
మగ్గాల షెడ్డు జాగల
పెద్ద దవాఖాన మొగులు దిక్కు లేస్తున్నది.
ఎవరి కోసమని వాచ్‌మన్ అడిగిండు.
ఇక్కడ మస్తు రోజులున్ననే, అన్న.
ఇంకా తెరువనే లేదు గదనే, అని నవ్విండు.

కొత్తవాడల సగం మగ్గాలు మూతవడ్డయి.
ఆడెపు సారంగపాణి అరుగు మీద
సంచిలున్న జంపఖానా ముక్క పరిచిన.
ముసలాయన రంగులు చూడలే, పువ్వు చూడలే.
బొటనేలు అంచు వెంబడి మెల్లగ పోయి
ఒక కాడ ఆగింది.
"జైలు పని."
లోపల మగ్గం చప్పుడు బందయింది.
నా చెవులు కాలినయి.
"అంచు రెండుసార్లు తిప్పుతరు మీరు.
మా తమ్ముడే వచ్చి నేర్పేది.
నూలు దండుగరా అంటే ఇనకపోయేటోడు."
వెంకటమల్లు సారు!
ఆ సారు దగ్గు యాదికొచ్చింది.
ఎట్లున్నడని అడగబోయి
గోడకున్న దండ చూసి ఆగిన.

"ఏం జేసి పోయినవ్?"
చెప్పిన.
నా చేతుల పానం పోయినాయన పేరు పెట్టి చెప్పిన.
ఛాయ మీద మీగడ కట్టింది.
ఆయన తాగలే, నన్ను తాగుమనలే.
చాలాసేపటికి,
"గజాల లెక్క ఇస్త. అడ్వాన్సు ఉండదు.
నెల దాక పోగులు అతుకుడే నీ పని.
అంచు మాత్రం ఒక్కసారే తిప్పాలె."

మొదటి వారం కూలిల
ఇనుప గడియ కొన్న, నాలుగు స్క్రూలు కొన్న.
కాశీబుగ్గల అద్దెగది తలుపుకు నేనే బిగించిన.
మడతలు పడ్డ కాగితం తీసి
రెండో గీత మీద "అంచు ఒక్కసారే" అని రాసిన.
మూడోది ఉండనీ.

దీపమార్పి గడియ పెట్టిన.
తీసిన.
పెట్టిన.
తీసిన.
పక్కింటామె గోడ మీద కొట్టింది:
"ఏందయ్యా ఆ చప్పుడు, పండుకోవా?"