చల్లని ఇనుము

ట్రాక్ మీద నీళ్లు చల్లడం నా ఉద్యోగం.
రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా
ఊపిరంత సన్నగా
పొర మీద పొర.
ఇస్త్రీ చేసినట్టుండాలిరా మంచు, అనేవాడు కోచ్ టాలివాల్డిస్.
ఆయన చొక్కాకి ఇస్త్రీ నేనెన్నడూ చూడలేదు.

వెల్గా వచ్చినప్పుడు తొమ్మిదేళ్లు.
ఊరు ప్రియెడ్‌కాల్నె, అంటే
రంపపు మిల్లు, ఓతిలియా బేకరీ, రోజుకు రెండు బస్సులు,
ఆవుల్ని కలపకుండా నూట అరవై మంది.
మిల్లు వెనక, మంచు కప్పిన పొట్టు గుట్ట మీద
తలుపు చెక్కేసుకుని జారేదట.
ఆ తలుపు ఎవరింటిదో ఇప్పటికీ తేలలేదు.

ల్యూజ్ అంటే ఏముంది,
వెల్లకిలా పడుకోవడం.
కాళ్లు ముందు, తల వెనక,
గంటకి నూట ముప్పై కిలోమీటర్లు.
చూద్దామని తలెత్తావా, గాలి పట్టేసుకుంటుంది.
మలుపుల్ని వీపుతో చదవాలి,
పిక్కతో నొక్కాలి,
భుజంతో బతిమాలాలి.
ఆ పిల్ల బతిమాలేది కాదు మొదట్లో. పోట్లాడేది.
గోడలకి దాని మోచేతుల రంగు నేనే కడిగాను.

మొదటి ఒలింపిక్స్‌కి ఊరు బంగాళాదుంపలు అమ్మింది.
పదిహేడో స్థానం.
రెండోసారి పన్నెండో మలుపులో తిరగబడింది.
స్లెడ్ వదిలేస్తే లెక్కలోకి రాదు,
అందుకని వదల్లేదు;
గడ్డం చీరుకుపోయి, బోర్లా, స్లెడ్‌తో సహా గీత దాటింది.
అందరికన్నా ఆఖరు.
మిల్లులో ఆ పూట రంపం ఆపేశారు.

మూడోసారికి ముప్పై ఒకటి.
పోటీకి ముందు ఒక అధికారి వంగి
రన్నర్ల ఇనుముకి థర్మామీటర్ ఆనిస్తాడు.
వేడెక్కిన ఇనుము జోరుగా జారుతుంది,
వెచ్చదనం అక్కడ మోసం కింద లెక్క.
ఆ ఇనుముని వేసవంతా
ఎవరెవరు ఒళ్లో పెట్టుకుని సానబట్టారో
థర్మామీటర్ అడగదు.
చల్లగానే ఉంది, అని రాసుకున్నాడు.

నాలుగో స్థానం.
సెకనులో పదకొండు వెయ్యోవంతుల తేడా.

బస్సు దిగగానే ఓతిలియా అడిగింది,
ఏమీ దాచుకోని మనిషి గనక:
"పదకొండు వెయ్యోవంతులంటే ఎంతమ్మా?"
వెల్గా సంచీ కింద పెట్టింది.
రెండు చేతులూ ఎడంగా చాపి
కొంచెం దగ్గరికి జరిపి
"గీత దగ్గర, ఇంత" అంది.
ఓతిలియా ఆ చేతుల మధ్యకి
తన ఏప్రన్ తాడు పెట్టి కొలుచుకుంది.
ఆ వారమంతా బేకరీలో
సరిగ్గా ఆ పొడుగు రై రొట్టెలే.
ఊరు కూర్చుని
వెన్న రాసుకుని
ఆ తేడాని తినేసింది.

నేనూ ఒకటి తెచ్చుకున్నాను. పైపెచ్చు కాస్త మాడింది.

ఇప్పుడు వెల్గా పిల్లలకి నేర్పుతుంది,
టాలివాల్డిస్ అరిచే అరుపులే, గొంతే వేరు.
కరెంటు బిల్లులు చూసి ట్రాక్ మూసేద్దామంటున్నారు,
వచ్చే శీతాకాలం సంగతి ఎవరికీ తెలీదు.
కొన్ని రాత్రులు ఒక్కతే
కిందినుంచి పైకి నడిచొస్తుంది.
పన్నెండో మలుపు దగ్గర తొడుగు తీసి
మంచు మీద అరచేయి ఆనిస్తుంది.
తను పడ్డది ఈ పన్నెండు కాదు,
అది వేరే దేశం, వేరే కొండ.
అయినా,
"ఇక్కడ ఇంకాస్త చల్లు" అంటుంది.

అప్పటికే రెండు పొరలు ఎక్కువ వేసుంటాను.
చెప్పను.
మళ్లీ చల్లుతాను.