ఏప్రిల్‌లో రావద్దు

జులైలో నన్ను వెతుక్కుంటూ వస్తారు.
గుడారాల్లో చోటు చాలదు, గుర్రాలు చాలవు,
గుర్రంపాలు పులియబెట్టే తోలుతిత్తి
పొద్దెక్కకుండానే అడుగంటుతుంది.
ఫిబ్రవరిలో మంచే పిలుచుకొస్తుంది జనాన్ని.
మా పెదనాన్న తోక్తోసున్
బొగ్గుగనిలో అరగదీసుకున్న మోకాళ్ల మీద కూర్చుని
వాళ్ల బూట్లు పొయ్యి పక్కన ఆరబెడతాడు.

మధ్యలో మిగిలే నెలల సంగతే
నాకెవరూ నేర్పలేదు.

ఏప్రిల్ అంటే బురద.
కరకోల్ నుంచి వచ్చే వ్యాను వంతెన దాటనని మొరాయిస్తుంది.
కొండ సగం తెల్లగా, సగం మట్టిరంగుగా
బొచ్చు రాలే కుక్కలా నిలబడుతుంది.
అప్పిచ్చినవాడు కాలం చూసుకుని రాడు.
పిండి బస్తాకి అన్‌సీజన్ లేదు.

"జులై ఫోటోలు పెట్టు, పూలయాత్ర అని రాయి,"
అన్నాడు మా చెల్లెలి మొగుడు కుబాన్.
రాశాను. చెరిపేశాను.
ధర సగానికి కోశాను.
సగం ధరకిచ్చినా బురద బురదే.

ఓ రాత్రి విసుగెత్తి నిజం రాసేశాను:
"ఏప్రిల్‌లో రావద్దు. చూడ్డానికేమీ లేదు.
ఏరు కోపంగా ఉంటుంది.
బూటొకటి బురదలో పోతుంది,
ఏ కాలిదో ముందే చెప్పలేను.
నేను మాత్రం ఇక్కడే ఉంటాను.
బెర్మెత్."

తొమ్మిదో రోజున జవాబు.
రీగా నుంచి, వాల్డిస్ అనే ఆయన.
"ముప్పై ఒక్కేళ్లు ట్రాము నడిపాను.
పట్టా ఎటు తిరిగితే అటే తిరిగాను.
చూడ్డానికేమీ లేని చోట
అడుగెక్కడ వేయాలో
ఒక్కసారి నేనే తేల్చుకోవాలి."

వచ్చాడు.
మొదటిరోజు మూడో మలుపు దగ్గర ఆగాను,
ఎప్పుడూ ఆగే చోటే.
ఎప్పుడూ చెప్పే జోకే చెప్పాను,
మా గుర్రాలకి నాలుగు భాషలొచ్చు, మర్యాదొక్కటే రాదని.
ఆయన నవ్వలేదు. నా కాళ్లకేసి చూస్తున్నాడు.
"ఇది కూడా స్టాపేనా?" అన్నాడు.

పన్నెండేళ్లుగా ఈ కొండ నాదనుకున్నాను.
ఆ పూట దిగుతుంటే
నా బూట్ల కింద ఇనుము చప్పుడు.

"రేపు నువ్వెప్పుడూ వెళ్లని వైపు పోదాం."
డబ్బు పుచ్చుకుని దారి తెలీదని చెప్పడం
గైడుకి ఎంత తలవంపులో!
చెప్పాను.
గంటన్నర పొదల్లో, వానలో తిరిగాం.
బూటు పోయింది. నాదే.
మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆయనా వెతికాడు.
దొరకలేదు.

ఆఖరి పొద చీల్చుకుని బయటపడితే
రెండు తుప్పు పట్టాలు,
మూసేసిన గని నోట్లోకి పోతూ,
వాటి మీద ఓ బొగ్గుబండి, ఒక చక్రం లేకుండా.
నా గుండె గతుక్కుమంది.
ఇంత దూరం వస్తే మళ్లీ పట్టాలేనా అని
మనిషి కుంగిపోతాడనుకున్నాను.
ఆయన బండెక్కి కూర్చుని
లేని గంట నోటితో మోగించాడు.
నన్ను టికెట్ అడిగాడు.
ఒంటి బూటు మీద నిలబడి
చిల్లర వెతుక్కున్నాను.

రాత్రి ఈ సంగతి చెబితే
"ఎనిమిదో నంబరు బండి. తోసింది నేనే,"
అన్నాడు పెదనాన్న, మోకాలు నిమురుకుంటూ.
ఇన్నేళ్లలో గని గురించి
ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. నేను కూడా.
టీ మీద టీ తాగుతూ
అరకొర రష్యన్‌లో ఆ ఇద్దరూ
తెల్లారే దాకా ఇనుము గురించే మాట్లాడుకున్నారు.

ఈ ఏప్రిల్‌కి ఏడుగురు రాశారు.
రావద్దన్న మాట నేనింకా చెరపలేదు.
గని దాకా తనే తీసుకెళ్తాడట పెదనాన్న,
నాకంటే ఎక్కువ కూలి అడుగుతున్నాడు.

నవంబరు మిగిలింది.
వానా కాదు, మంచూ కాదు.
"నవంబరులో" అని రాసి ఆగిపోయాను.
తలుపు వేసుకుని కూర్చోవడమే తప్ప
ఆ నెలని నేనెప్పుడు చూశాను గనుక!
కాగితం మీద పెన్ను పెట్టి
కొత్త బూట్లు తొడుక్కుంటున్నాను.