తూకం

తురాలో హెలికాప్టర్ దగ్గర తూకం నా పని.
నూట ఇరవై కిలోలు దాటకూడదు, కుక్కతో కలిపి.
మార్చి దాకా తైగాలో ఒక్కతే ఉండబోయే
యెవ్దోకియా చపోగిర్
మూటలన్నీ విప్పి మంచు మీదే పరిచింది.

గొడ్డలి. ఉప్పు, పిండి, ఉచ్చులు,
మైనంలో ముంచిన అగ్గిపుల్లలు.
థర్మామీటర్ తీసి నా చేతిలో పెట్టింది:
"చలి ఎంతో తెలిస్తే తగ్గుతుందా?"

ఇంకా మూడు కిలోలు ఎక్కువ.
రెండో కెటిల్ పోయింది. అద్దం పోయింది.
పంచదార కొంత కుక్క నోట్లోకి, కొంత నా జేబులోకి.

సూదులు మాత్రం మూడు చోట్ల:
టోపీ అంచున, చొక్కా మెడలో, కుక్క పట్టీలో.
పోయినేడు ఒకటే ఉండేదట.
నేలపలకల సందులో జారిపోతే
కొవ్వొత్తి పట్టుకుని నాలుగు రాత్రులు వెతికిందట;
పగలు చిరిగిన తొడుగుతోనే ఉచ్చుల దగ్గరికి.
ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవని
అప్పుడు చూశాను.

ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది.
ఎక్కబోతూ వెనక్కొచ్చి
నా పేకముక్కల కట్ట అడిగింది.
"ఒక్కరే కదా, ఎవరితో ఆడతారు?"
"ఎడమ చేతితో" అంది,
"అదెప్పుడూ ఓడిపోతుంది."

కట్టని తూకం వెయ్యలేదు.