బరువు

డాక్టరుగారు థియేటర్లో ఉన్నారు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రి, పిల్లల వార్డులో
ఇంటికి పంపే సంతకం
ఈ ఏడాది నుంచీ నాది.

సవర చామంతి, తొమ్మిదేళ్ళు, ఏడో మంచం.
అపెండిక్సు కోసి నాలుగో రోజు.
జ్వరం లేదు. గంజి నిలిచింది, ఇడ్లీ నిలిచింది.
"ఓపాలి దగ్గు తల్లీ" అన్నాను.
పొట్టకి దిండు అదుముకుని దగ్గింది,
నవ్వొచ్చి, నవ్వితే నొప్పని ఆపుకుంది.
కిటికీ దాకా నడిచి
టెక్కలి వైపు పోయే బస్సులు లెక్కెట్టి వచ్చింది.
ఫారంలో గళ్ళన్నీ నిండాయి.
పెన్ను మూత తీశాను.

తల్లి మంగాయికి చదువు లేదు.
మందుల కవరు మీద పొద్దును గీశాను,
పక్కన నెలవంక.
"కుట్టు ఎర్రబడినా, ఒళ్ళు కాలినా ఏటి సేస్తావు?"
"నీకు ఫోను సేస్తాను."
"మీ ఊళ్ళో సిగ్నలుందా?"
"కొండెక్కితే ఉంటాది."
చెప్పినవన్నీ తిరిగి అప్పజెప్పింది,
నేను మర్చిపోయి, రాత్రి డ్యూటీ సిస్టరు చెప్పిన
తడవకూడదన్న మాటతో సహా.

ఇక ఆఖరిది. నెల్లాళ్ళు బరువులెత్తకూడదు.
"ఎత్తదమ్మా. బిందె నాను మోస్తాను."
"కట్టెలు?"
"నానే."

అప్పుడే మంచం కింద నుంచి
చెల్లి పాక్కుంటూ బయటికొచ్చింది.
చామంతి వంగి
ఊపిరి పీల్చినంత మామూలుగా
చేతులు చాచింది.
"ఆగు!"
నా కేకకి వార్డంతా తిరిగి చూసింది.
మంగాయి నవ్వేసింది.
"అది బరువేటమ్మా? అది సెల్లి."

చంటిదాన్ని పట్టుకెళ్ళి కాటా మీద కూచోబెట్టాను.
ఎనిమిది కిలోల ఏడొందలు.
చెల్లి అని కాటాకి తెలీదు.
కుట్టుకీ తెలీదు.

మంగాయి నవ్వు ఆగింది.
పొద్దెక్కకముందే ఆమె జీడితోటకి కూలికి పోవాలి.
చంకనెత్తుకునేది ఎవరు?
ఫారంలో ఆ గడి లేదు.
ఏదో ఒకటి గట్టిగా చెప్పాలని నిలబడ్డాను,
నోట్లోకి ఏదీ రాలేదు.

చామంతే తేల్చింది.
మంచమెక్కి గోడకి చేరబడి
కాళ్ళు బారజాపి
తొడ మీద తట్టింది. "రా."
నేను మంచమ్మీద దింపగానే
చంటిది తనంతట తనే ఎగబాకింది,
మోకాలు పట్టుకుని, గౌను అంచు పట్టుకుని,
బొజ్జ మీద చెయ్యెయ్యబోతే
"ఈ పక్క కాదు" అని
ఎడమకి తిప్పుకుంది అక్క.

కవరు మీద మూడో బొమ్మ గీశాను,
కూచున్న అక్క ఒళ్ళో చెల్లి.
నిలబడి ఎత్తుకున్న అక్కని కూడా గీసి
అడ్డంగా కొట్టేశాను.
సంతకం పెట్టాను.

తొమ్మిదోనాడు చీకటి పడ్డాక ఫోను.
గాలి హోరు. గుండె జారింది.
"జొరమా? కుట్టేనా?"
"కాదు సిస్టరమ్మా. సెల్లి నడిసింది.
ఎవులూ ఎత్తుకోలేదని
దానికదే నడిసేసింది."
చామంతి గొంతు.
"నిన్నెవులు కొండెక్కమన్నారే" అనేలోపు
సిగ్నలు పోయింది.