ఎడమ తలుపు

సస్కచెవాన్‌లో ఏప్రిల్. మంచు ఇంకా మొండికేసి
తుప్పు రేకుల నీడల్లో కూర్చునే ఉంది.
నాకు కావల్సింది ఒక్క ఎడమ తలుపు,
యాభై ఒకటో ఏటి ముప్పావు టన్ను పికప్‌కి.

మార్లిస్ వాళ్ల నాన్న పోగేసిన ఇనప మంద ఇది.
వరసల్లేవు. ఏది ఎక్కడుందో ఆమెకే తెలుసు.
"ఎర్రదాన్ని చూసి మోసపోకు," అంటూ
సుత్తితో దాని ఛాసిస్ మీద తట్టింది.
నానిన అట్టముక్కలా పలికింది.
పక్కనున్న బూడిదరంగుదాన్ని తట్టింది,
ఖంగుమంది.
"రంగు కొనుక్కోవచ్చు. ఎముక కొనలేవు."

నిజమే. కానీ నేను ఎముక కోసం రాలేదు.
ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి, ఏదీ పూర్తవలేదు.
ఒకదాని గేర్‌బాక్స్ భోజనాల బల్ల కింద,
కాళ్లు చాపితే తగులుతుంది.

నా తలుపు ఆ బూడిదరంగుదానికే ఉంది.
తీస్తే అది ఇక ఎప్పటికీ బండి కాదు.
బోల్టులు నూనె తాగి తాగి
మధ్యాహ్నం దాకా బెట్టు చేశాయి.
ఆఖరిది తెగింది.

లోపలి రేకు మీద పెన్సిలు లెక్కలు:
గోధుమలు, పదకొండు ట్రిప్పులు, సెప్టెంబరు.
కింద, వేరే చేతిరాతలో:
పన్నెండు. పాప పుట్టింది.

మార్లిస్ కళ్లజోడు పైకి తోసుకుని
చాలాసేపు చదివింది, రెండే ముక్కలు.
ధర చెప్పలేదు.
"ఆ వైపు రంగెయ్యకు," అంది,
సుత్తి తీసుకుని వెళ్లిపోయింది.

బయటివైపు ఇప్పటికి రెండు పూతలు వేశాను.
కిటికీ అద్దం ఇంకా దొరకలేదు.